ఆదోనిలో ఆడని ఆఖరి రీలు

ఈరమ్మత్తకు రెండో కంటికి కూడా ఆపరేషను అయిందని ఆమె మనవరాలు పావని ఫోను చేసి చెప్పింది. చూసి రావాలని యెమ్మిగనూరులో బస్సెక్కి ఆదోనికి పోయినాను. ఈరమ్మత్త మాకు చుట్టం కాదు. మా అమ్మతో కలిసి పత్తి మిల్లులో పనిచేసిన మనిషి. నా చిన్నతనంలో కొంతకాలం చంటిబిడ్డతో సహా మా ఇంట్లోనే ఉండింది. నేను పోయేసరికి నల్లద్దాలు పెట్టుకుని గడప పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. అద్దాలు తీసి నన్ను పైనుంచి కిందికి చూసి, "నీకింత తెల్లెంటికలు వచ్చినాయా మేరీ? నాకెవురూ సెప్పలేదే!" అంది. నవ్వాలో బాధపడాలో తెలియక పక్కనే స్టూలు మీద కూర్చున్నాను. మందు చుక్కల సంగతి, డాక్టరు చెప్పిన జాగ్రత్తల సంగతి అడుగుతుంటే ఆమె అవేవీ పట్టించుకోలేదు. కండ్లు బాగయినాక ఒక సినిమా చూడాలని అనుకుందట, దానికి నన్ను తోడు రమ్మంది.

పావని ఫోనులో వెతికి, ఊళ్ళో కొత్తగా వచ్చిన రాజకీయాల సినిమా ఒకటి ఉందని చెప్పింది. "ఇది పాత సినిమానే అంట పెద్దమ్మా. మీ కాలందాన్నే మళ్ళా తీసినారంట" అంటూ పోస్టరు చూపించింది. హీరో చేతిలో తుపాకీ, వెనక మంటలు, తెల్ల చొక్కాల గుంపు. అడుగున చిన్న అక్షరాల్లో, ఇది ఏ సినిమా ఆధారంగా తీసినారో వేసి ఉంది. ఆ పేరు చదివి ఫోను తిరిగి ఇచ్చేసినాను. "ఏందే?" అంది ఈరమ్మత్త. చెప్పినాను. "ఆ టెలిఫోను పాప సినిమానా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే పోదాం. మ్యాట్నీకే పోదాం" అని కుర్చీలోంచి లేచింది. నాకు మాత్రం ఆ క్షణం నుంచి ఒకచోట నిలవబుద్ధి కాలేదు. ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూ, ఆ సినిమా చూడకూడదు అనుకుంటూ, చూడకపోతే ఉండలేను అనుకుంటూ, అన్నం కూడా సరిగా తినలేదు.

మా నాయన యేసేపు ఆదోనిలో ఒక థియేటర్లో ఆపరేటరు. ఆ థియేటరు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో పెండ్లిళ్ళు చేసుకునే హాలు కట్టినారు. ఆ రోజుల్లో ప్రొజెక్టరులో కార్బన్ కడ్డీలు కాల్చి వెలుగు తెప్పించేవాళ్ళు. నాయన చొక్కాకు ఎప్పుడూ ఆ కాలిన కడ్డీల వాసన, మిషను ఆయిలు వాసన ఉండేది. అమ్మ సుగుణమ్మ ఎంత ఉతికినా ఆ వాసన పోయేది కాదు. అమ్మ పనిచేసేది జిన్నింగు మిల్లులో, పత్తిలోంచి గింజ వేరుచేసే చోట. సాయంత్రం ఆమె ఇంటికొస్తే తలమీద, కనురెప్పల మీద, చెవుల మడతల్లో దూది. వాకిట్లో నిలబడి కొంగుతో దులుపుకుని గాని లోపలికి వచ్చేది కాదు. వచ్చీ రాగానే పొయ్యి రాజేసి జొన్నరొట్టెలు తట్టేది. ఆ చప్పుడు వినబడితేనే మాకు ఆకలి గుర్తొచ్చేది. రొట్టెల్లోకి ఊరిబిండి, అంటే వేరుశనగల పచ్చడి, నూరే పని నాది. అది చాలా మెత్తగా నూరితే నాయనకు నచ్చదు, బుడ్డల పలుకు పండ్లకు తగలాల. తిని ఆయన థియేటరుకు పోతాడు.

మా జేజి, నాయన వాళ్ళమ్మ, సినిమాలు చూడటం పాపం అనేది. ఆదివారం గుడికి పోయి మొదటి వరుసలో కూర్చునేది. నాయన పనికి బయలుదేరేటప్పుడు మాత్రం రోజూ తప్పకుండా ఆయన తలమీద చెయ్యిపెట్టి, క్యాబిన్‌లో నిప్పు అంటుకోకూడదని ప్రార్థన చేసేది. మళ్ళీ పొద్దున్నే ఆయన లేచి పండ్లు తోముకుంటుంటే ఏమీ పట్టనట్టు పక్కకు చేరి, "నిన్నటి బొమ్మలో ఆ పిల్ల కడాకు ఏమాయనప్పా?" అని అడిగేది. నాయన వేపపుల్ల నమిలేదాపి కథంతా చెప్పేవాడు. కథ చెప్పడం ఆయనకు బాగా వచ్చు. తెరవైపు చూసే పని ఉన్నా లేకున్నా, క్యాబిన్‌లోని ఆ చిన్న కిటికీలోంచి ప్రతి ఆటా చూసేవాడు. మాటలన్నీ కంఠతా వచ్చేవి. మా ఇంట్లో పుస్తకాలు లేవు, బైబిలు తప్ప. నాకు కథలంటే నాయన గొంతే.

ఈరమ్మత్తది హాలహర్వి వైపు ఊరు. మాటల్లో సగం కన్నడం. ఆమె మొగుడు ఉసేనప్ప పత్తిని బేళ్ళు కట్టే ప్రెస్సులో పనిచేస్తూ, కూలీల సంఘం పెట్టి నడిపేవాడు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మా ఇంటికొస్తే గోడకానుకుని గొంతుకూర్చుని, అమ్మ ఇచ్చిన టీ ఊదుకుంటూ తాగి పోయేవాడు. మిల్లుల మీద, ఊరి మీద అప్పట్లో ఒకాయన పెత్తనం ఉండేది. పేరు రాయను. ఊళ్ళో కూడా ఎవరూ ఆయన పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, 'పెద్దాయన' అనేవాళ్ళు. మిల్లులో చెయ్యి పోగొట్టుకున్న ఒక ఆడమనిషి తరఫున ఉసేనప్ప పని ఆపించినాడు. కొన్నాళ్ళకు ఒక సాయంత్రం వాళ్ళ ఇంటిముందు జీపు ఆగింది, మాట్లాడాలని ఉసేనప్పను ఎక్కించుకుని పోయింది. మరుసటి రోజు పొద్దున రైలు పట్టాల పక్కన శవం దొరికింది. తాగి పట్టాల మీద పడినాడని రాసినారు. ఉసేనప్ప తాగడని మా వీధిలో అందరికీ తెలుసు. జీపులో ముందు సీట్లో పెద్దాయన కూర్చుని ఉండగా చూసింది మాత్రం ఈరమ్మత్త ఒక్కతే. వాకిట్లో బిడ్డకు పాలిస్తూ చూసింది.

ఆమె అన్నదమ్ములు వచ్చి, చూడలేదని చెప్పమని బతిమాలినారు. అట్లా చెప్పకపోతే తమ ఇంటికి రావద్దని కూడా అన్నారు. ఆమె ఎటూ చెప్పలేక బిడ్డను తీసుకుని మా ఇంటికొచ్చేసింది. అమ్మ ఆమెను ఏమీ అడగలేదు. మూలనున్న పెట్టె జరిపి చాప వేసింది, అంతే. కేసు నడుస్తా ఉండింది. కోర్టులో ఈమె నోరు తెరిస్తే ఒక తీరు, తెరవకపోతే ఒక తీరు. ఈరమ్మత్త ఆ దినాల్లో ఒకచోట నిలిచేది కాదు. ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చేది. బిడ్డను చంకనేసుకుని సందు చివరిదాకా పోయి ఉత్తపుణ్యానికి తిరిగొచ్చేది. జేజి విసుక్కుని, "కూకోమ్మా, నిన్ను సూస్తాంటే నా తల తిరగతాండాది" అనేది.

అట్లాంటప్పుడు వచ్చింది ఆ సినిమా. పాటలు లేని సినిమా అని మొదట ఎవరూ ఆశపెట్టుకోలేదు. కథ చిన్న ఊళ్ళో జరుగుతుంది. ఆ ఊరి మున్సిపల్ చైర్మను ఒక పత్రికవాణ్ని చంపించమని ఫోనులో చెబుతాడు. ఆ మాటలు టెలిఫోను ఎక్స్చేంజిలో పనిచేసే ఒక అమ్మాయి చెవిన పడతాయి. సినిమా అంతా ఆమె భయమే. ఇంటికి పోతుంది, అన్నం కలుపుతుంది, తినదు. ఎవరో తలుపు కొడతారు, తీస్తే పాలవాడు. చైర్మను ఒక్కసారి కూడా గట్టిగా అరవడు. ఎక్స్చేంజికి వచ్చి, "బాగున్నావామ్మా?" అని పలకరించి పోతాడు, ఆ ఒక్క పలకరింపుకే హాలంతా కదలకుండా కూర్చునేది. చివరకు ఆమె కోర్టు మెట్లెక్కుతుంది, ఆఖరి రీల్లో బోనెక్కి చైర్మను పేరు చెబుతుంది. అయినా సాక్ష్యం చాలలేదని చైర్మను విడుదలవుతాడు. బయటికొచ్చి కారెక్కుతాడు. ఆవరణ నిండా జనం. ఎవరూ అరవరు, రాయి విసరరు. కారుకు దారి మాత్రం ఇవ్వరు. డ్రైవరు హారను కొడతాడు, కొడుతూనే ఉంటాడు. లోపల చైర్మను మొహం. అక్కడ సినిమా అయిపోతుంది.

మొదటి రోజు ఆదోనిలో మొత్తం సినిమా ఆడింది. ఆ హారను మోగుతున్నంతసేపు నేల టికెట్ల దగ్గర్నుంచి ఎవరో పెద్దాయన పేరు పెట్టి అరిచినాడట. ఇంకొకడు అందుకున్నాడట. నాయన క్యాబిన్ కిటికీలోంచి చూస్తే జనం లేచి నిలబడి ఉన్నారట. మరుసటి రోజు పొద్దున పెద్దాయన మనుషులు థియేటరు షావుకారు దగ్గరికి వచ్చినారు. వాళ్ళు గొడవేమీ చేయలేదు, టీ తాగి పోయినారు. తర్వాత షావుకారు నాయనను పిలిచి, "ఆఖరి రీలు ఎక్కించొద్దు యేసేపూ. అంతకుముందే 'శుభం' పలక వేసేయ్" అన్నాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మ ఆ రోజే ఈరమ్మత్తను, నన్ను మ్యాట్నీకి తీసుకుపోయింది. ఆ అమ్మాయి కోర్టు మెట్లెక్కింది, గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. తెరమీద శుభం అని పడింది. లైట్లు వెలిగినాయి. ఆడవాళ్ళ బెంచీల్లో ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఈరమ్మత్త నా చెయ్యి పట్టుకుని, "ఏమాయ? సెప్పిందా? సెప్పలేదా?" అని అడుగుతానే ఉంది. నాకేం తెలుసు.

ఆ పూట ఇంట్లో అమ్మ రొట్టెలు తట్టలేదు. నాయన వచ్చినాక కొంగు నడుముకు చెక్కి నిలదీసింది. నాయన జరిగింది చెప్పి, ఆఖరి రీల్లో ఏముందో తనే వినిపించబోయినాడు. ఈరమ్మత్త వింటూ వింటూ మధ్యలోనే, "నిజంగా పేరు సెప్తాదా అన్నా? నాకు దైర్నం రావల్లని నువ్వే కల్పించి సెప్తాండావా?" అంది. నాయన గతుక్కుమన్నాడు. అంత మంచి కథలు చెప్పే మనిషి ఆ ఒక్క కథను అక్కడే ఆపేసినాడు. "ఆదోని నుంచి ఈ ప్రింటు యెమ్మిగనూరు పోతాది. డబ్బాలు దింపి రావల్సింది నేనే. మీరూ రాండి, కండ్లతో సూడండి" అన్నాడు.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. బస్సు టాపు మీద రీళ్ళ డబ్బాలు, కింద మేము. అమ్మ మిల్లులో కడుపునొప్పి అని చెప్పి వచ్చింది. జేజి మాత్రం బిడ్డను తన దగ్గరే ఉంచుకుని, "సూసొచ్చి నాకు సెప్పండి, నేను రాను" అంది. యెమ్మిగనూరులో దిగితే వీధులన్నీ మగ్గాల చప్పుడు. ఆ చప్పుడు వింటూ ఈరమ్మత్త, "ఈ ఊర్లో అందరూ మాట్లాడుకుంటాండారే!" అంది. మ్యాట్నీ మొదలైంది. ఆ అమ్మాయి మెట్లెక్కింది, ఆగింది, వెనక్కి చూసింది, లోపలికి పోయింది. బోనులో నిలబడింది, మొదటిసారి మాట పెగల్లేదు. రెండోసారి పేరు చెప్పింది. ఈరమ్మత్త ఊపిరి పీల్చుకోవడం నాకు వినబడింది. బయటికొచ్చి నాయన ఇప్పించిన సోడా తాగకుండానే చేతిలో పట్టుకుని కూర్చుంది. తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన, నేను ఆమె పక్కన. బయటికి చూస్తూ, చాలా మెల్లగా, పెద్దాయన పేరు పలుకుతా ఉంది. ఒకసారి పలికి ఆగుతుంది. మళ్ళీ పలుకుతుంది. నోరు అలవాటు చేసుకుంటున్నట్టుంది. నేను విననట్టు కళ్ళు మూసుకున్నాను.

కోర్టులో ఈరమ్మత్త పెద్దాయన పేరు చెప్పింది. నేను బడిలో ఉన్నాను, అమ్మ తోడుపోయింది. నెలల తర్వాత తీర్పు వచ్చింది. పెద్దాయన మీద నేరం రుజువు కాలేదన్నారు. ఆ రోజు కూడా అమ్మే తోడుపోయింది. ఈలోపల, నాయన ఎవరిని ఏ సినిమాకు తీసుకుపోయినాడో షావుకారు చెవిన పడింది. "నీ మీద నాకు కోపం లేదప్పా, కానీ నువ్వు ఈడ ఉండొద్దు" అన్నాడట. యెమ్మిగనూరు థియేటర్లో ఆపరేటరు పని దొరికితే మేము సామాను ఎత్తుకుని అక్కడికి పోయినాము. ఈరమ్మత్త ఆదోనిలోనే వేరే మిల్లులో చేరి బిడ్డను పెంచుకుంది.

కొత్త ఊళ్ళో నాకు బడికి పోవాలంటే భయం. ఆదోని మాట తీరు అని పిల్లలు వెక్కిరించేవాళ్ళు, ఆపరేటరు కూతురని ఒక అయ్యవారు వెనక బెంచీలో కూర్చోబెట్టినాడు. బడి మానేస్తానని నేను ఏడ్చినప్పుడు అమ్మ ఆ తీర్పు రోజు సంగతి చెప్పింది. పెద్దాయన కోర్టులోంచి నవ్వుకుంటూ వచ్చినాడు, కారెక్కినాడు. జనమంతా రెండు పక్కలకూ చీలి దారిచ్చినారు. ఈరమ్మ ఒక్కతే కారు ముందర నిలబడింది. హారను కొట్టినా కదల్లేదు. కారే వెనక్కిపోయి ఆమెను తప్పించుకుని పోయింది. "అట్లాంటి మనిషి మనింట్లో పన్నుకునిందే, నువ్వు ఒక అయ్యవారికి బయపడతావా?" అనేది అమ్మ. పరీక్షలప్పుడు చెప్పింది, ఉద్యోగం ఇంటర్వ్యూకు పోయేటప్పుడు చెప్పింది. నేను టీచరునైనాక, ఒక పెద్దమనిషి తన కొడుకును ఊరికే పాసు చేయమని ఒత్తిడి తెచ్చినప్పుడు, నేను చేయనన్న రోజు నా కళ్ళముందు ఉన్నది ఆ కారూ ఈరమ్మత్తే. అమ్మ పోయేముందు కూడా ఒకసారి ఆ మాట తలుచుకుంది.

అందుకే ఆ కొత్త సినిమా చూడాలంటే నాకు అంత అలజడి. పావనితో కలిసి ముగ్గురమూ మ్యాట్నీకి పోయినాము. హాలు చల్లగా ఉంది, కుర్చీలు వెనక్కి వాలుతున్నాయి, నాకు మాత్రం కూర్చోవడం చేతకాలేదు. కొత్తదాంట్లో టెలిఫోను ఎక్స్చేంజి లేదు. సెల్ టవర్ల కంపెనీలో పనిచేసే అమ్మాయి. మాటలు రికార్డు చేస్తుంది, దాన్ని సస్పెండయిన ఒక పోలీసు ఆఫీసరుకు పంపుతుంది, ఆయనే హీరో. బొమ్మ బాగా తీసినారు, కాదనను. ఎండలో మెరిసే రోడ్లు, పైనుంచి చూపించిన ఊరు, మన పక్క మాట కూడా వినబడింది. కానీ ఆ పాత సినిమాలో అన్నం కలిపి తినకుండా కూర్చున్న అమ్మాయి ఉందే, ఆమె లేదు. ఈ అమ్మాయికి భయపడే తీరిక ఇవ్వలేదు. పరుగులు పెట్టించినారు, ఒక పాట పాడించినారు, ఇంటర్వెల్ అయిన కాసేపటికే చంపేసినారు. "అదేంది, పాపను సంపేసినారే?" అని ఈరమ్మత్త పైకే అంది. ముందు వరుసవాళ్ళు తిరిగి చూసినారు. విలన్ పలకరించడు, అరుస్తాడు. కోర్టులో పేరు చెప్పేది హీరోనే, చాలాసేపు చెబుతాడు. చివరకు విలన్ విడుదలై మెట్లు దిగుతుంటే హీరో ఎదురుగా నిలబడి కాల్చి చంపేస్తాడు. జనం గంతులేస్తారు. హాల్లో ఈలలు, కాగితం ముక్కలు. పక్కకు చూస్తే ఈరమ్మత్త నల్లద్దాలు ఒళ్ళో పెట్టుకుని చప్పట్లు కొడతా ఉంది.

థియేటరు ఎదురుగా టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాము. నేను ఆగలేక పావని ముందు సినిమాను తిట్టడం మొదలుపెట్టినాను. పాతదాంట్లో ఒక ఆడపిల్ల ధైర్యం ఉండేదని, ఒక ఊరి మౌనం ఉండేదని, దాన్ని తీసేసి తుపాకీ పెట్టినారని చెప్పుకుపోతున్నాను. ఈరమ్మత్త టీ ఊదుకుంటూ, "నాకు ఇదే మేలనిపించింది" అంది.

"ఎట్లా అత్తా? ఆ పాప పేరు చెప్పే చోటు చూసే కదా నువ్వు—"

"అవ్, అది మంచి బొమ్మే. నాకు దారి సూపించింది. కానీ వాడు సావలేదు కదా దాంట్లో. దీంట్లో సచ్చినాడు." టీ ఒక గుక్క తాగింది. "మన పెద్దాయన ముసిలోడై, మంచం మీద, బిడ్డలు నోట్లో నీళ్ళు పోస్తాంటే సచ్చినాడు. ఊరంతా పోయినారు. నేనూ పోయినా."

"నువ్వెందుకు పోయినావు?"

"నిజంగా సచ్చినాడో లేదో సూద్దామని."

పావని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. "ఎవురవ్వా పెద్దాయన? ఏం సేసినాడు?" అంది. అప్పుడు తెలిసింది నాకు, ఆ పిల్లకు తాత ఎట్లా పోయినాడో తెలియదు. వాళ్ళ నాయనకే తెలియదట. "సెప్తే ఏమయితాండె?" అంది ఈరమ్మత్త నాతో. "మొగపిల్లోడు. పెద్దయి ఎవుని మీదికో కత్తి తీసుకుని పోతాండె. రైలు కింద పడినాడనే సెప్పి పెంచినా. ఎవుల్ని ఏమీ అడగకుండా వాని బతుకు వాడు బతికినాడు, సాలు." కోర్టులో పేరు చెప్పిన నోటితోనే ఆమె ఇన్నేళ్ళూ కొడుక్కు ఆ అబద్ధం చెప్పింది.

తాతను చంపినారని తెలిసి పావని కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. ఆ పిల్లకు ఏదైనా గొప్పగా చెప్పాలనిపించింది నాకు. మీ అవ్వ బోనెక్కి పేరు చెప్పిందని, అంతకంటే పెద్ద సంగతి తీర్పు రోజు జరిగిందని, ఊరంతా దారిచ్చినా మీ అవ్వ కారు ముందర నిలబడి కదల్లేదని, కారే వెనక్కి పోయిందని చెప్పినాను.

ఈరమ్మత్త గ్లాసు కింద పెట్టి నన్ను చూసింది. కొత్తగా బాగుపడిన కండ్లతో చాలాసేపు చూసింది. "ఎవురు సెప్పినారు నీకు అట్లని?"

"అమ్మ."

"శివనే!" అంది. "నేను నిలబడిన మాట నిజమే. కారు ఆగకుండా నా మీదికే వచ్చె. మీయమ్మ జబ్బ పట్టి ఒక్క గుంజు గుంజె. ఇద్దరమూ పోయి గోడకు కొట్టుకుంటిమి. కారు పాయ. ఆ పొద్దు సుగుణమ్మ గుంజకపోతే ఈ పాపా లేదు, వీళ్ళ నాయన దిక్కులేనోడై పోతాండె." అంటూ పావని తల నిమిరింది. "అందరూ జరిగినారు మేరీ. మేమూ జరిగినాము. కారొస్తే ఏం సేస్తారు?"

నా బతుకంతా కదలకుండా నిలబడి ఉన్న ఆ మనిషి, ఆ కారు ముందర నుంచి పక్కకు పోయింది. పక్కకు లాగింది మా అమ్మ. చేసిన పని చెప్పుకోకుండా, ఆ పాత సినిమా ముగింపు తీసుకుని, జనం చోట ఈరమ్మత్తను నిలబెట్టి, ఏడుస్తున్న కూతురికి చెప్పింది. కొత్తవాళ్ళు సినిమాను మార్చేసినారని ఇంతసేపూ గొంతు చించుకున్నది నేనే. మా ఇంట్లో ఎప్పుడో మార్చి తీసుకున్నామని నాకు తెలియదు. అమ్మ ఉంటే అడిగి ఉండేదాన్ని. ఇప్పుడు ఎవర్ని అడిగేది? "అమ్మ నాకెందుకు అట్లా చెప్పింది అత్తా?" అని ఈరమ్మత్తనే అడిగినాను.

"నువ్వు బడికి పోవల్ల కదా" అంది ఆమె, అంతకు మించి అందులో ఏముందన్నట్టు.

నాకు కోపం రాలేదు. అబద్ధం చెప్పిందని అమ్మ మీద గాని, నిజం చెప్పిందని ఈరమ్మత్త మీద గాని రాలేదు. కానీ కుదురూ దొరకలేదు. ఆ గుంజిన చెయ్యి నాకు బాగా తెలుసు. దూది దులుపుకునే చెయ్యి, రొట్టె తట్టే చెయ్యి. ఒక మనిషిని బతికించిన సంగతి నాకు చెప్పి ఉంటే నేను ఏమయ్యేదాన్నో, ఇంకా భయపడేదాన్నో, తక్కువ భయపడేదాన్నో తేల్చుకోలేకపోయినాను. పావని వాళ్ళ అవ్వను కోర్టు సంగతులు ఒక్కొక్కటే అడుగుతోంది. పేరు చెప్పేటప్పుడు భయం వేయలేదా అంది. "ఏసింది. సెప్తిని" అంది ఈరమ్మత్త. వాళ్ళ నాయనకు ఇప్పుడు చెప్పనా అని అడిగింది. ఆమె ఆలోచించి, "సెప్పు. ఇప్పుడు వానికీ మోకాళ్ళ నొప్పులే, యాడికీ పోలేడు" అని నవ్వింది.

లేచి ఆటో కోసం చూస్తుంటే నా మోచెయ్యి పట్టుకుని, "రేపు ఉండరాదా? ఇంకోసారి పోదాం ఈ బొమ్మకు" అంది.

ఆ పూట యెమ్మిగనూరుకు తిరిగి పోవడం మానుకున్నాను. మరుసటి రోజు మ్యాట్నీకి మేమిద్దరమే పోయినాము. హాల్లో జనం పలచగా ఉన్నారు. విలన్ కోర్టు మెట్లు దిగే చోటు వచ్చింది. ఈసారి ఈరమ్మత్త చప్పట్లు కొట్టలేదు. నల్లద్దాలు తీసి, కొంగుతో రెండు కండ్లూ జాగ్రత్తగా అద్దుకుని, ముందు కుర్చీ పట్టుకుని వంగి, వాడు పడిపోయి కదలకుండా అయ్యేదాకా చూసింది.